నడుమ కొలిచిన తీగ

కొత్తగా కరెంటు లైన్ల పనిలో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. స్తంభం ఎక్కడం నేర్పడానికి కాదు. అది ట్రైనింగులో నేర్పుతారు. వాళ్లు నేర్పనిది భయం నేర్పుతుంది. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఏ ఆఫీసులో ఎన్ని సంతకాలు పెట్టాను అన్నవి నాకే గుర్తు లేవు. గుర్తున్నది ఒక తీగ.

పుంగనూరు పక్కన పొలాల్లో, ఒక బండిబాట మీదుగా పోయిన ఎనభై మీటర్ల తీగ అది. నేల నుంచి దాని ఎత్తు కొలిచి పుస్తకంలో రాసింది నేను. నేను రాసిన అంకె తప్పు కాదు. కొలిచిన చోటు తప్పు. ఆ తేడా తెలియక ఒక మనిషి చేయి పోయింది. చేయి పోగొట్టిన నింద ఇంకో మనిషి మీద పడింది. ఆయన పేరు ఖాదర్ బాషా. ఆ తీగ లాగిన కూలీల గ్యాంగుకు మేస్త్రీ. తీగను స్తంభానికి బిగిస్తూ ఆయన కట్టిన కట్టు జారిందని రాసి ఆయన్ను పనిలోంచి తీసేశారు.

కట్టు జారలేదని నాకు తెలిసేసరికి పద్దెనిమిదేండ్లు గడిచాయి. ఎందుకు జారలేదో ఇంకొకరికి చెప్పేంతగా అర్థం చేసుకోవడానికి మరో నాలుగేండ్లు పట్టింది. ఇప్పటికీ అంతా అర్థమైందని గుండె మీద చేయి వేసుకొని చెప్పలేను. అర్థమైనంత చెప్తాను. కానిచోట కాలేదనే చెప్తాను.

చిరిగిన పేజీలు

కురబలకోటలో ఏడో తరగతి దాకా చదివాను. తరువాత రెండేండ్లు గొర్రెలు. ఆ తరువాత మదనపల్లెలో ఒక కాంట్రాక్టరు కింద స్తంభాలకు గుంతలు తవ్వే పని. పగలు గుంత, పొద్దుగూకే ముందు పాత పేపర్ల అంగడి. అక్కడ పాఠ్యపుస్తకాలు కిలోల్లెక్కన అమ్మేవాళ్లు. అట్ట ఊడిపోయి, ఎవరూ కొననివి నేను తెచ్చుకునేవాణ్ణి. అట్లా ఎనిమిది, తొమ్మిది, పది నా అంతట నేనే చదువుకొని, ప్రైవేటుగా పరీక్ష కట్టి, పదో తరగతి ప్యాసై లైన్‌మన్ అయ్యాను.

గురువు లేని చదువుతో ఒక తంటా ఉంది. పుస్తకంలో చిరిగిన పేజీ మన బుర్రలోనూ చిరిగే ఉంటుంది. నేను తెచ్చుకున్న లెక్కల పుస్తకంలో వర్గ సమీకరణాలు సాధించే పేజీలు ఉన్నాయి. వాటిని గీతగా గీసి చూపించే పేజీలు లేవు. ఎవరో చింపి బొరుగులు పొట్లం కట్టి ఉంటారు. అందువల్ల x వర్గం అంటే నాకు ఎన్నడూ ఒక అంకె. అది ఒక వంపు అని నాకు తెలియదు. తలెత్తితే ప్రతి రెండు స్తంభాల మధ్యా అదే వంపు వేలాడుతుండేది. దాని కిందనే ముప్పై ఏండ్లు అన్నం తిన్నాను.

అడగలేదా అంటే, అడిగాను. చదువుకున్నవాళ్లు ముందు నా చెప్పులు చూసేవాళ్లు, తరువాత నా ముఖం చూసేవాళ్లు, తరువాత "నీకెందుకప్పా ఇవన్నీ, పని చూసుకో" అనేవాళ్లు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. నా పని అదే మరి! చూసుకోవడానికే అడిగింది.

చెంగప్ప మాట

నాకు తీగ లాగడం నేర్పింది చెంగప్ప అనే లైన్ ఇన్‌స్పెక్టరు. మదనపల్లె టౌనులో ఆయన లాగించని వీధి లేదు. నోటి నిండా ఆకు, చేతిలో బెత్తం. ఎవరైనా సరఫరా ఆపామని రూఢి చేసుకోకుండా స్తంభం మీద కాలు పెడితే ఆ కాలి మీదనే కొట్టేవాడు. ఆయన వల్ల ఎంతమంది బతికి బట్టకట్టారో ఆయనకు తెలియదు.

"తీగకు ఊపిరి ఆడల్లప్పా," అనేవాడు. "మరీ బిగిస్తే సలికి తెగి సస్తాది. వదిలేస్తే ఎండకు సాగి సంపుతాది."

ఎంత వదలాలో చార్టు ఉంటుంది. రెండు స్తంభాల కొసలనూ కలుపుతూ ఒక దారం బిగించి లాగినట్టు అనుకోండి. ఆ దారం నుంచి తీగ నడుమ ఎంత కిందికి వేలాడాలో అదే సాగ్. అది మీటరున్నర అనుకుంటే, రెండు స్తంభాల మీదా కొస నుంచి మీటరున్నర కిందికి ఒక్కో చెక్కపట్టీ కడతాం. ఒకడు స్తంభం ఎక్కి, ఈ పట్టీ మీద కన్ను ఆనించి, అవతలి పట్టీని చూస్తాడు. గ్యాంగు తీగను లాగుతుంది. తీగ వచ్చి ఆ చూపును తాకిందంటే "నిలబెట్టు!" అని కేక. అంతే. టేపు అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు.

దానికి పైన చెంగప్ప నేర్పిన సూత్రం ఒకటి: "నడుమ సూడు. నడుమ బాగుంటే అంతా బాగున్నట్టే."

టౌను వీధుల్లో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. నేల సమం, స్తంభాలు సమం, తీగ సరిగ్గా నడుమనే దిగుతుంది. చెంగప్ప అబద్ధం చెప్పలేదు. తను పనిచేసిన నేల మీద నిజమైనదాన్ని చెప్పాడు. చార్టు అచ్చువేసిన పెద్దలు కూడా సమమైన నేలకే వేశారు. మన వైపు సమమైన నేల ఎంత ఉందో వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. మాకూ ఎవరూ చెప్పలేదు, ఈ చార్టు రాతిగుండ్ల మీద చెల్లదని.

బండిబాట

నన్ను పుంగనూరు వేశారు. ఆ లైను పొలాల్లో బావుల మోటార్లకు. ఒక రైతు తన గెనిమ గట్టు మీద స్తంభం పాతనీయలేదు. పక్కనే ఒక రాతిగుండు ఉంటే దాని మీదికి ఎక్కించాం. అవతలి స్తంభం కింద చదును నేలలో. పై స్తంభం కొసకూ కింది స్తంభం కొసకూ ఎత్తులో తేడా మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. గుండు దిగితే నడుమంతా చదునే. పై స్తంభం నుంచి అరవై మీటర్ల దూరంలో, అంటే కింది స్తంభానికి ఇరవై మీటర్ల ఇవతల, బండిబాట.

తీగ లాగాం. కింది స్తంభం మీద, పింగాణీ కప్పుకు తీగను కట్టింది ఖాదర్. ఆయన కట్టు చూడముచ్చటగా ఉండేది, ఆడవాళ్లు పూలు కట్టినట్టు. నేను గుర్తులు వేసిన వెదురుగడ తీసుకొని సరిగ్గా నడుమకు, నలభై మీటర్ల దగ్గరికి పోయి ఎత్తు కొలిచాను. ఆరు మీటర్ల పది సెంటీమీటర్లు. బాట మీద ఆరుకు తగ్గకూడదని మా ఇంజనీరు, ఏ.ఈ., పెట్టిన హద్దు. పది మిగులు. పుస్తకం తీశాను.

"అన్నా, గడ ఈడికి తే," అన్నాడు ఖాదర్, బాట మీద నిలబడి. "బాట కాడ కొలుద్దాం."

"నడుమ కొలిచినా గదప్పా. ఆరు పది ఉండాది."

"నడుమ ఎవుడు పోతాడన్నా? ఆడుండేది టమాటా మడి. బండ్లు పోయేది ఈడ."

"తీగ నడుమనే గదా కిందికుండేది? నడుమ ఆరు పది ఉంటే ఈడ ఇంకా ఎక్కువే ఉంటాది."

ఖాదర్ తల వెనక్కి వంచి చాలాసేపు చూశాడు. "నా కంటికి ఈడ్నే దిగినట్టు కనపడతాండాది."

"పొద్దున్నించి టీ పడల్యా నీకు. అందుకే అట్ల కనపడతాండాది."

గ్యాంగంతా నవ్వింది. ఖాదర్ కూడా నవ్వి చేతులు దులుపుకున్నాడు. "సరేలే అన్నా. లెక్కలు నీయి, కట్లు నాయి."

ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. పైకి నవ్వినా నాకు లోపల కొంచెం అనుమానం వచ్చింది. అందుకని మనసులో ఒక లెక్క వేశాను. పై నుంచి కింది దాకా ఎనభై మీటర్లలో మూడు మీటర్ల ఇరవై దిగుతోంది. అంటే సగటున మీటరుకు నాలుగు సెంటీమీటర్లు. బాట కింది స్తంభానికి ఇరవై మీటర్ల ముందుంది. అంటే కింది కొస కంటే అక్కడ తీగ ఎనభై సెంటీమీటర్లు పైనే ఉండాలి. సంతృప్తిగా పుస్తకం మూశాను.

ఈ తెలివి చూడండి. ఒక లెక్క తీగ నడుమ అన్నిటికంటే కిందికి ఉంటుందంటుంది. రెండో లెక్క చివరి దాకా దిగుతూనే పోతుందంటుంది. ఒకటి నిజమైతే ఇంకోటి కాదు. కానీ రెండూ "బాట దగ్గర భయం లేదు" అన్నాయి గనుక, అవి ఒకదానితో ఒకటి పొసగవని నాకు తట్టలేదు. మనకు కావలసిన జవాబు రెండు తప్పుదారుల్లో వచ్చినా మనం రెండింతలు నమ్ముతాం.

ఆరు పది

నెల తిరగలేదు. అవే ఎండలు, కాబట్టి తరువాత సాగిందనే సాకు కూడా లేదు. వరిగడ్డి ట్రాక్టరు ఒకటి ఆ బాటన వచ్చింది. గడ్డి మీద రెడ్డెప్ప అనే మనిషి ఉన్నాడు. తాడు సరిచేయడానికి లేచి చేయి ఎత్తాడు. చేయి తీగకు తగిలింది. కింద పడ్డాడు. తీగ గడ్డి తాడుకు చిక్కుకొని, ట్రాక్టరు కదిలేసరికి కింది స్తంభం మీది కప్పు నుంచి ఊడి నేలపాలైంది. రెడ్డెప్ప బతికాడు. కుడి చేయి మడవడం మాత్రం మళ్లీ రాలేదు.

మరుసటి రోజు ఏ.ఈ. వచ్చి బాట మీద నిలబడ్డాడు. తీగ నేల మీద ఉంది, కొలవడానికి ఏమీ లేదు. ఉన్నది నా పుస్తకం ఒక్కటే.

"నువ్వు కొలిచినప్పుడు ఎంతుంది?"

"నడుమ ఆరు పది సార్."

"అంటే లాగడం సరిగ్గానే లాగారు. ఊడిన కట్టు ఎవరిది?"

"నాదే సార్," అన్నాడు ఖాదర్.

"అయితే జారింది. కట్టు జారి తీగ వదులైంది."

"జారల్యా సార్. ట్రాక్టరు లాగితే ఊడింది. జారుంటే తీగ మీద గీత పడుంటాది. సూడండి, గీత యాడన్నా ఉండాదా?"

"నాకు చెప్తావా నువ్వు?"

ఖాదర్ నా వైపు చూశాడు. బాట దగ్గర కొలవమని ఆయన అడిగిన సంగతి అక్కడ ఇద్దరికే గుర్తుంది, ఆయనకూ నాకూ. నేను మళ్లీ అదే అన్నాను: "నడుమ ఆరు పది ఉండింది సార్."

నిజమే చెప్పాను. ఆ మూడు మాటల్లో అబద్ధం లేదు. అంత నిజంతో అంత అన్యాయం చేయొచ్చని నాకు అప్పటికి తెలియదు.

ఖాదర్‌ను తీసేశారు. కట్టు జారిన మేస్త్రీ అని పేరు పడ్డాక వేరే గ్యాంగులూ పిలవలేదు. మదనపల్లెలో మోటారు వైండింగ్ అంగడి పెట్టుకున్నాడు. పెళ్లిళ్లలో ఎదురైతే సలాం అనేవాడు. నిలబడేవాడు కాదు.

శాంతిపురంలో అయిదేసి మీటర్లు

పద్దెనిమిదేండ్ల తరువాత, ఆఖరి పోస్టింగు కుప్పం. అక్కడ ఏ.ఈ. ఒక అమ్మాయి, శైలజ మేడం. శాంతిపురం దగ్గర రాళ్ల లారీలు పోయే దారి మీద, గుట్ట పైనుంచి కిందికి ఒక లైను ఉంది. సరఫరా ఆపించి ఎత్తు కొలవమంది. నేను గడ తీసుకొని నడుమకు నడిచాను.

"చంద్రప్పగారూ, ఎక్కడికి?"

"నడుమకు మేడం. నడుమ కొలిస్తే అంతా కొలిచినట్టే గదా."

"ఎవరు చెప్పారు?"

చెంగప్ప చెప్పాడని చెప్పాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఎందుకైనా మంచిది, అయిదు మీటర్లకొకసారి కొలుద్దాం," అంది. ఎండలో అయిదేసి మీటర్లు కొలుస్తూ పోయాం. నడుమ దాటాం. అంకె తగ్గుతోంది. ఇంకా తగ్గుతోంది. కింది స్తంభం దగ్గరపడ్డాక ఆగి, మళ్లీ పెరగడం మొదలుపెట్టింది.

గడను నేలకు ఆనించాను.

"ఇదేంది మేడం, తీగ అడుగు ఈడికొచ్చింది?"

ఆమె జీపు బానెట్ మీద కాగితం పెట్టి గీసింది. "స్తంభాలు సమంగా ఉంటే తీగ ఏ వంపులో ఉంటుందో, ఒక స్తంభం పైకి పోయినా అదే వంపు. ఆకారం మారదు. మొత్తం వంపు పక్కకు జరుగుతుంది, పల్లం స్తంభం వైపుకు. అంతే."

అంతే! ఆ "అంతే" ఆమె ఏ ఇరవై ఏండ్ల వయసులోనో, ఫ్యాను కింద కూర్చొని నేర్చుకుంది. నాకు కోపం ఆమె మీద కాదు. అంత చిన్నమాట అచ్చులో ఉండి కూడా, పట్టీలు కట్టే మాకు, కట్లు కట్టే ఖాదర్‌కు ఒక్కరూ చెప్పలేదు. చార్టు కింద ఒక వాక్యం వేసి ఉంటే ఏం పోయేది?

నాకు శాంతిపురం కనపడలేదు. పుంగనూరు బాట మీద తల వెనక్కి వంచి చూస్తున్న ఖాదర్ కనపడ్డాడు.

గోడ మీద గొలుసు

ఆ వెంటనే పోయి ఖాదర్‌తో చెప్పి ఉండొచ్చు గదా అని మీరు అడగొచ్చు. చెప్పడానికి నాకే తెలియదే! "ఎవరో మేడం చెప్పింది" అని పోయి చెప్తే, "చెంగప్ప చెప్పాడు" అన్నదానికీ దీనికీ తేడా ఏముంది? ఈసారి నాకే తెలియాలి అనుకున్నాను. భయం కూడా ఉంది. తెలుసుకుంటున్నాను అనే సాకుతో ఆ భయాన్ని నాలుగేండ్లు మేపాను.

రిటైరై మదనపల్లెలో ఇంటికి చేరాక, గోడకు సమానమైన ఎత్తులో రెండు మేకులు కొట్టి సైకిలు గొలుసు తగిలించాను.

నా భార్య లక్షుమ్మ చూసి నిలబడింది. "ఏందయ్యా ఇది? ఒడియాలు ఆరబెడతావా దాని మీద?"

"లైను."

"ముప్పై నాలుగేండ్లు ఊరంతా లాగినావు. సాలక ఇంట్లో కూడానా?"

ఫ్యాను వచ్చిన అట్టపెట్టె తెచ్చి, గొలుసు వంపు వెంబడి గీసి కత్తిరించాను. తరువాత ఎడమ మేకును పైకి కొట్టి, గొలుసుకు లింకులు కలిపాను. మొదట రెండు లింకులే కలిపితే అట్ట కుదరలేదు. బిగువు మారితే వంపే మారిపోతుంది, అది నాకు తెలియక రెండు వారాలు తలకొట్టుకున్నాను. సరైనన్ని కలిపాక అట్టను పట్టుకొని మెల్లగా కుడికి జరిపాను. ఒకచోట గొలుసుతో అచ్చుగుద్దినట్టు కలిసిపోయింది. అదే అట్ట, అదే వంపు, చోటు వేరు.

"లక్షుమ్మా, ఇట్ల రా! సూడు!"

"సూస్తి. గోడకు నాలుగు బొక్కలు పడినాయి."

అంతవరకు కళ్లకు అర్థమైంది. కాగితం మీదికి వస్తే మళ్లీ చీకటి. పుంగనూరు తీగకు లెక్క కట్టాను. స్తంభాలు సమంగా ఉండి ఉంటే: x లోంచి నలభై తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేసి, వెయ్యితో భాగిస్తే, అడుగు నుంచి తీగ ఎన్ని మీటర్లు పైన ఉందో వస్తుంది. x అంటే పై స్తంభం నుంచి దూరం. ఒక స్తంభం మూడు ఇరవై పైకి పోయింది గనుక, నలభై బదులు అరవై తీసేయాలి. అప్పుడు అడుగు నుంచి పై కొస మూడు మీటర్ల అరవై, కింది కొస నలభై సెంటీమీటర్లు పైన వస్తాయి, తేడా సరిగ్గా మూడు ఇరవై. అడుగు అరవై దగ్గర, సరిగ్గా బాట మీద!

లెక్క సరిపోయింది. కానీ వంపు కుడికి ఇరవై మీటర్లు జరిగితే, తీసేసే అంకె ఇరవై పెరగడమేమిటి? కుడికి పోతే కూడాలి గదా? వంపును మొత్తంగా నేల నుంచి పైకి ఎత్తాలంటే చివర్లో కూడుతున్నాం, అది న్యాయంగానే ఉంది. పైకి పోతే కూడిక, కుడికి పోతే తీసివేత. ఒకే కాగితం మీద రెండు ధర్మాలా?

మా వీధిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే అబ్బాయిని అడిగాను.

"రూల్ అంతే పెద్దాయనా. లోపల ఉన్న గుర్తు తిరగబడుతుంది. గుర్తుపెట్టుకోండి, రెండు మార్కులు వస్తాయి."

"రెండు మార్కులు నేనేం చేసుకుంటానప్పా? ఎందుకు తిరగబడుతుందో చెప్పు."

"అది సిలబస్‌లో లేదు," అన్నాడు, బండి స్టార్ట్ చేస్తూ.

వాడికీ తెలియదని నాకు తెలిసిపోయింది. నాకు తెలియనిదాన్ని తెలియదంటాను. వాళ్లు రూల్ అంటారు.

దీనికి తోడు, అసలు వేలాడే తీగ వంపు సరిగ్గా ఈ వర్గం వంపు కూడా కాదట, ఇంకేదో వంపట, ఇంత చిన్న తీగకు తేడా వెంట్రుకవాసి కాబట్టి ఇదే వాడతారట. శైలజ మేడమే ఫోనులో చెప్పింది. ఆ సంగతి నేను వదిలేశాను. ఒక మనిషికి ఒక వంపు చాలు.

సగటు చేసిన మోసం

మీటరుకు నాలుగు సెంటీమీటర్లు అని ఆరోజు నేను వేసుకున్న లెక్క ఏమైందో కూడా అప్పుడే చూశాను. తీగను ఇరవై మీటర్ల నాలుగు ముక్కలు చేశాను. మొదటి ముక్కలో రెండు మీటర్లు దిగుతోంది, అంటే మీటరుకు పది సెంటీమీటర్లు. రెండో ముక్కలో మీటరుకు ఆరు. మూడో ముక్కలో రెండు. నాలుగో ముక్కలో దిగడం లేదు; మీటరుకు రెండు చొప్పున ఎక్కుతోంది! నాలుగూ కలిపి సగటు తీస్తే నాలుగే వస్తుంది. నా సగటు తప్పు కాదు. కానీ ఆ సగటులో, తీగ బాట దగ్గర అడుగు తాకి మళ్లీ పైకి లేచిన సంగతి ఎక్కడా లేదు. రెండు కొసలు చూసి నడుమ జరిగింది చెప్పేస్తుంది సగటు, అచ్చం మా విచారణలాగా.

ఇంకో విచిత్రం. సరిగ్గా నడుమ నిలబడి చూస్తే అక్కడ తీగ వాలు మీటరుకు నాలుగే. సగటు నిజంగా బతికి ఉన్న చోటు ఆ ఒక్కటే. నేను గడ పట్టుకొని నిలబడింది అక్కడే. చెక్కపట్టీల చూపు కూడా తీగను తాకేది అక్కడే. అన్నీ నన్ను అక్కడే నిలబెట్టాయి.

పై కొసను బట్టి, కింది కొసను బట్టి లెక్క కట్టాను. నడుమ తీగ అడుగు కంటే నలభై సెంటీమీటర్లు పైన ఉంది; అంటే నడుమ ఆరు పది ఉంటే, బాట మీద అయిదు మీటర్ల డెబ్బై. హద్దుకు ముప్పై సెంటీమీటర్లు తక్కువ. తీగ కట్టిన మొదటి రోజు నుంచీ.

రెడ్డెప్ప అప్పటికే పోయాడు. ఖాదర్ ఉన్నాడు.

అంగడిలో

అట్టముక్క చంకలో పెట్టుకొని పోయాను. ఖాదర్ ఒక మోటారు విప్పి లోపల రాగితీగ చుడుతున్నాడు. గడ్డం నెరిసింది.

"ఏమన్నా, మోటారు కాలిందా?"

"మోటారు కాదు ఖాదరూ. ఆ పుంగనూరు తీగ."

ఆయన చేతులు ఆగాయి. అట్టను బల్ల మీద పరిచి మొత్తం చెప్పాను. గుండు, బాట, నలభై, అరవై, ఆరు పది, అయిదు డెబ్బై. మధ్యలో ఆపలేదు. అయ్యాక అన్నాడు:

"నేను ఆ పొద్దే సెప్తి గదన్నా, ఈడ్నే దిగినట్టుండాదని."

"సెప్తివి."

"టీ పడల్యా నీకంటివి."

ఆయనకు అది గుర్తుంటుందని నేను అనుకోలేదు. నేను తెలియని సంగతిలోకే పోయాను. "అంతా కట్టినా గానీ ఖాదరూ, ఈ అరవై ముందర మైనస్ యాల వస్తాదో నాకు ఇంకా అంతుపట్టల్యా. కుడికి జరిగితే కూడల్ల గదా?"

ఖాదర్ అట్టను చూశాడు. గోడకున్న టేపు తీసి, కొసను నా బొటనవేలి కింద నొక్కిపెట్టి, బల్ల పొడవునా లాగాడు.

"ఆ పొద్దు టేపు సున్నా యాడ పట్టినావు?"

"పై స్తంభం కాడ."

"బాట కాడ టేపులో ఎంతొచ్చె?"

"అరవై."

"బాట కాడ నిలబడినోడు తన కాళ్ల కాడ్నించి కొలిస్తే ఆడ ఎంత?"

"సున్నా."

"నీ అరవై వాని సున్నా కావల్లంటే ఏం జెయ్యల్ల?"

"అరవై తీసెయ్యల్ల..."

"అంతే గదన్నా. నువ్వు నీ కాళ్ల కాడ సున్నా పెట్టుకున్యావు. రెడ్డెప్ప కాళ్ల కాడ పెట్టల్ల."

నాలుగేండ్లు. ఆయన చెప్పిన "అంతే" మీద మాత్రం నాకు కోపం రాలేదు.

ఆయన పక్కంగడికి కేకేసి రెండు టీలు చెప్పించాడు. తన టీ మొత్తం తాగి, గ్లాసు పక్కన పెట్టి, అట్ట మీద అరవై దగ్గర వేలు పెట్టాడు. "ఇప్పుడు టీ తాగినా సూడు. నా కంటికి ఇంకా ఈడ్నే దిగినట్టుండాది."

నేను నవ్వలేకపోయాను. ఆయన నవ్వాడు, కానీ ఎక్కువసేపు కాదు.

"నాకు సెప్తివి, సరే. నాకు మొదుట్నుంచీ తెల్సు. నా బామ్మర్ది అదే గ్యాంగులో ఉన్యాడు గదా, వాడు ఇప్పటికీ నా కట్టు జారిందనే అనుకుంటాండాడు. ఇంటికొచ్చి అన్నం తింటాడు, అట్లే అనుకుంటాడు. ఆ పొద్దు నువ్వు పుస్తకంలో ఆరు పది అని రాస్తివి. ఇది కూడా యాడన్నా రాయన్నా. లెక్కలు నీయి. కట్టు నాది. కట్టు సంగతి రాయి."

క్షమించమని నేను అడగలేదు. ఆయనా ఆ ఊసు ఎత్తలేదు. అట్టముక్కను తన దగ్గరే ఉంచుకున్నాడు.

పిల్లలూ, మీకిప్పుడు చేతిలో పట్టే యంత్రాలున్నాయి. బొత్తాం నొక్కితే ఎత్తు చెప్తాయి. ఎక్కడ నిలబడి నొక్కాలో అవి చెప్పవు. బాటలు పోయే చోట నిలబడండి. కట్టు కట్టేవాడు తల వెనక్కి వంచి చూస్తూ ఏదైనా అంటే, గడ అక్కడికి తీసుకుపోండి.

ఇక రాయవలసింది రాస్తున్నాను. పుంగనూరు బండిబాట లైనులో, కింది స్తంభం మీద ఖాదర్ బాషా కట్టిన కట్టు జారలేదు. తీగ కట్టిన రోజు నుంచే బాట మీద అయిదు మీటర్ల డెబ్బైలో ఉంది. నడుమ ఆరు పది అని రాసింది నేను. బాట దగ్గర కొలవమని ఆయన అడిగాడు. నేను కొలవలేదు.